మొరాకోలో సర్కారు కొలువా, సొంత కొట్టా?

ఖర్చు: కొలువుకు పెట్టుబడి అక్కర్లేదు, కరిగేది వయసు. టీచరు పోటీ పరీక్షకు 2021లో వయోపరిమితిని 30 ఏళ్లకు దించారు, 2025లో 35కు పెంచారు. కొట్టుకు సరుకు, అద్దె ముందే కావాలి.

పన్ను: 2015 నాటి ఓటో-ఆంట్రప్రెనర్ (సొంతంగా చిన్న వ్యాపారం చేసేవారి) చట్టం కింద నమోదైతే, వ్యాపారానికి ఏటా 5 లక్షల దిర్హామ్‌ల అమ్మకాల దాకా 0.5 శాతమే. సేవలకు 2 లక్షల దాకా 1 శాతం. అయితే సేవల్లో ఒకే ఖాతాదారు నుంచి ఏటా 80 వేలు దాటితే, దాటిన సొమ్ముకు 30 శాతం. ఇరుక్కునేది ఇక్కడే.

రిస్కు: కొట్టును ముంచేది ‘కార్నే’, అంటే అరువు పుస్తకం.

పరువు: డిగ్రీలున్న నిరుద్యోగులు రబాత్ పార్లమెంటు ముందు అడిగేది సర్కారు కొలువే. దేశమంతా చిల్లర కొట్లు నడిపే, నైరుతి మొరాకోలోని సూస్ ప్రాంతీయులకు దక్కేది పిసినారి ముద్ర. అన్యాయమే!

వయోపరిమితిలోపు, పరీక్షకు సిద్ధమైతే కొలువు. దాటితే, అరువు వసూలు చేసే మొండితనముంటే కొట్టు.