చెస్ కోచింగ్‌లో "రేటింగ్ గ్యారంటీ" ప్యాకేజీలతో జాగ్రత్త: ఏడాది ఫీజు ఒకేసారి కట్టేముందు చదవండి

"మూడు నెలల్లో మీ పిల్లాడి రేటింగ్ 200 పెంచుతాం, పెరగకపోతే డబ్బు వాపస్" అంటూ ఏడాది ఫీజు ముందే కట్టించుకునే ఆన్‌లైన్ చెస్ క్లాసుల గురించి ఈ హెచ్చరిక. రేటింగ్ అంటే ఆటగాడి బలాన్ని చూపే అంకె. సంస్థల పేర్లు రాయడం లేదు, పద్ధతి గుర్తుపడితే చాలు. డబ్బు కట్టాక డెమో క్లాసు చెప్పిన టైటిల్ ప్లేయర్ (గ్రాండ్‌మాస్టర్ లాంటి బిరుదున్న ఆటగాడు) మళ్ళీ కనబడడు. నలుగురే అన్న బ్యాచ్‌లోకి పదిమంది వచ్చి చేరతారు. నెల తిరిగేసరికి రేటింగ్ పెరిగిందని సర్టిఫికెట్ వస్తుంది, తీరా చూస్తే అది వాళ్ళ సొంత యాప్‌లోని అంకె.

ముందు ఆ గ్యారంటీ ఏ రేటింగ్‌కో అడగండి. ఆన్‌లైన్ రేటింగ్‌కీ, అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే ఇచ్చే రేటింగ్‌కీ పొంతన లేదు. ఉచితంగా చెస్ ఆడుకునే వెబ్‌సైట్ లీచెస్‌లో కొత్త ఖాతా తెరిచిన ఎవరికైనా రేటింగ్ 1500 దగ్గరే మొదలవుతుంది. సరే, ఫిడే రేటింగే అన్నారనుకుందాం. 18 ఏళ్ళ లోపు, 2300 కంటే తక్కువ ఉన్న పిల్లలకు స్టాండర్డ్ (ఎక్కువ సమయం ఉండే) ఆటల్లో కే ఫ్యాక్టర్, అంటే ఒక్కో ఆటకు రేటింగ్ ఎంత మారాలో నిర్ణయించే గుణకం, 40. సమాన రేటింగ్ ఉన్నవాళ్ళ మీద గెలిస్తే 20 పాయింట్లు వస్తాయి, ఓడితే 20 పోతాయి. ఓటముల కంటే గెలుపులు ఐదు ఎక్కువైతే దాదాపు వంద పెరుగుతుంది, తర్వాతి టోర్నమెంట్‌లో అంతా పోవచ్చు కూడా. ఇంత ఊగే అంకెకు మూడు నెలల గడువు పెట్టి హామీ ఇవ్వడం ఏ కోచ్‌కీ సాధ్యం కాదు. ఇస్తున్నారంటే అది అమ్మకం కోసమే.

ఇంకో మోసం కాస్త లోతైనది. పాత విద్యార్థుల "ముందు, తర్వాత" రేటింగ్‌లు చూపిస్తే ఏ నెలవో చూడండి. 2024 మార్చి 1న ఫిడే 2000 లోపు స్టాండర్డ్ రేటింగ్ ఉన్న అందరికీ ఒకేసారి పాయింట్లు కలిపింది. 2000లోంచి రేటింగ్ తీసేస్తే మిగిలేదాంట్లో 40 శాతం. 1200 ఉన్నవాళ్ళు 1520 అయ్యారు, 1500 ఉన్నవాళ్ళు 1700 అయ్యారు. కనీస రేటింగ్ కూడా 1000 నుంచి 1400కి మారింది. ఆ నెలకు అటూ ఇటూ తీసిన అంకెలు పక్కపక్కన పెడితే బోర్డు ముట్టుకోని పిల్లాడు కూడా 320 పెరిగినట్టే కనబడతాడు.

ఇక చెప్పే పాఠం. ఈ ప్యాకేజీల్లో ఎక్కువ భాగం ఓపెనింగ్ ట్రాప్‌లు (ఆట మొదట్లో పన్నే వలలు), కంఠస్థం చేయించే పదిహేను ఇరవై ఎత్తుల లైన్లు. తల్లిదండ్రులకు అవి గొప్పగా కనిపిస్తాయి కాబట్టే అమ్ముడుపోతాయి. మొదటి దశ పిల్లలు ఓడేది మాత్రం పావును ఊరికే వదిలేసి, ఎదుటివాడి ఎత్తు ఏం బెదిరిస్తోందో చూడక, గడియారంలో గంట మిగిలుండగానే గబగబా ఆడేసి. దీనికి మందు ఒక్కటే: పిల్లాడు సొంతంగా తన ఆట ఎత్తులు రాసిన స్కోర్‌షీట్ ముందుపెట్టుకుని కోచ్ కూర్చోవాలి. "ఇక్కడ నువ్వేం అనుకున్నావు? ఇంకే ఎత్తులు చూశావు?" అని అడగాలి. ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం, అంటే ఇంజిన్, ఆ తర్వాతే తెరవాలి. మొదటి నిమిషంలోనే ఇంజిన్ పెట్టి "పద్నాలుగో ఎత్తు తప్పు" అని సాగిపోయే కోచ్‌కి డబ్బు దండగ, ఆ పని ఇంట్లో ఉచితంగా జరుగుతుంది. హోంవర్క్ పజిల్ షీట్లూ అంతే. లీచెస్‌లో పజిల్స్ ఉచితం, వాటినే పీడీఎఫ్ చేసి "స్పెషల్ మెటీరియల్" అనడం చూస్తున్నాం.

రెండు నెలల క్లాసుల తర్వాత ఏం వచ్చిందో మీరే పరీక్షించొచ్చు, మీకు ఆట పెద్దగా రాకపోయినా సరే. ఖాళీ బోర్డు మీద తెల్ల రాజును ఈ4 (e4) గడిలో, తెల్ల బంటును ఈ3 (e3)లో, నల్ల రాజును ఈ6 (e6)లో పెట్టండి. "ఎత్తు నల్లది అయితే ఎవరు గెలుస్తారు? తెల్లది అయితే?" అని అడగండి. నల్లది ఆడాల్సి వస్తే తెల్లది గెలుస్తుంది, తెల్లది ఆడాల్సి వస్తే డ్రా. ఇప్పుడు బంటును ఒక గడి వెనక్కి, ఈ2కి జరపండి. ఎవరి ఎత్తైనా తెల్లదే గెలుపు, ఎందుకంటే బంటును ఈ3కి జరిపి వంతు నల్లదానికి వదిలేయొచ్చు. రాజులు ఎదురెదురుగా నిలబడే ఈ అపోజిషన్ తెలియకుండా సిసిలియన్ అనే ఓపెనింగ్ లైన్లు అప్పజెప్పే పిల్లలున్నారు. తప్పు పిల్లలది కాదు.

కోచ్ టైటిల్‌ను ఫిడే సైట్‌లో పేరు కొట్టి చూడండి. ఆడే టైటిల్ వేరు, ఫిడే ట్రైనర్, ఫిడే ఇన్‌స్ట్రక్టర్ లాంటి శిక్షకుల టైటిల్స్ వేరు. చిన్నపిల్లలకు రెండోదే ఎక్కువ పనికొస్తుందని మా అభిప్రాయం.

రిఫండ్ షరతు దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. మధ్యలో మానేస్తే అయిపోయిన క్లాసులను ప్యాకేజీ ధరకు కాకుండా విడి క్లాసు ధరకు లెక్కగడతారు. సగం క్లాసులకే మొత్తం డబ్బు "అయిపోతుంది". గ్యారంటీ వర్తించాలంటే నెలకు ఇన్ని టోర్నమెంట్లు, తొంభై శాతం హాజరు లాంటి నిబంధనలు చిన్న అక్షరాల్లో ఉంటాయి. వాయిదాలంటే, ఆ వాయిదా సంస్థకు కడుతున్నారా, మీ పేరున వేరే చోట అప్పు పుట్టిందా అడగండి. అప్పు అయితే క్లాసులు ఆపినా కట్టక తప్పదు. ఎనిమిది క్లాసులకు మించి ముందుగా కట్టకండి. క్లాసు చెప్పే కోచ్ పేరు, బ్యాచ్‌లో గరిష్ఠంగా ఎంతమంది, పిల్లాడి సొంత ఆటలు నెలకు ఎన్ని చూస్తారు, ఈ మూడూ రసీదు మీదో మెయిల్‌లోనో రాయించుకున్నాకే డబ్బు పంపండి.