పాత కంప్యూటర్‌కు ఏ లినక్స్ మేలు? మింట్, లుబుంటు, యాంటీఎక్స్, పప్పీ

మా ఇంట్లో ఒక ల్యాప్‌టాప్ ఉంది. కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్. మీట నొక్కి స్నానానికి వెళ్లి తిరిగివచ్చినా డిస్క్ లైటు ఇంకా మినుకుమంటూనే ఉండేది. మౌస్ కదిలిస్తే బాణం గుర్తు రెండు క్షణాలు ఆలస్యంగా కదిలేది. అయినా కీబోర్డు గట్టిగా ఉంది, తెర మీద ఒక్క గీత లేదు. అలాంటి వస్తువును మూలన పడేయడానికి మనసొప్పక ఒకదాని తరవాత ఒకటిగా నాలుగు లినక్స్‌లు (విండోస్‌కు బదులు ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్‌లు) వేసి, ఒక్కోదాన్నీ కొన్ని రోజులపాటు రోజువారీ పనికే వాడాను.

ఇప్పుడు ఈ ప్రశ్న చాలా ఇళ్లలో వస్తోంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు, అంటే భద్రతా అప్‌డేట్‌లు, ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, 4 జీబీ ర్యామ్ ఉండాలి, ప్రాసెసర్ వాళ్ల జాబితాలో ఉండాలి. చక్కగా పనిచేస్తున్న యంత్రాలెన్నో ఆ గడప దాటలేవు.

పేర్ల జోలికి వెళ్లేముందు ఒక విషయం చూసుకోవాలి: ప్రాసెసర్ 32 బిట్టా, 64 బిట్టా (ఒక్క విడతలో అది పట్టగల సమాచారపు కొలత)? ఇక్కడ చాలామంది పొరబడతారు. విండోస్ సెట్టింగ్‌లలో ‘32-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ఆధారిత ప్రాసెసర్’ అని కనిపిస్తే, మొదటి సగం చదివి యంత్రమే 32 బిట్ అనుకుంటారు. ప్రాసెసర్ గురించి చెప్పేది రెండో సగం. కోర్ 2 డ్యుయో కూడా 64 బిట్ ప్రాసెసరే. ఆ ఒక్క వరుస సరిగా చదివితే మీ ముందున్న దారులు ఒక్కసారిగా పెరుగుతాయి.

నిజంగా 32 బిట్ యంత్రమే అయితే దారి ఇరుకు, అది రోజురోజుకూ ఇంకా ఇరుకవుతోంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో (చాలా లినక్స్‌లకు పునాది డెబియనే) 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు. లినక్స్‌లో 32 బిట్ ఫైర్‌ఫాక్స్ 144వ వెర్షన్‌తో ఆగిపోయింది. ఇలాంటి యంత్రాన్ని రాతకూ, పాటలకూ, పాత ఫైళ్లు చూసుకోవడానికీ ఉంచుకోండి. బ్యాంకు పనులకు మాత్రం వద్దు.

ఇక పోలిక. మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (మింట్‌లో తేలికైన రకం), లుబుంటు మధ్యే ఎక్కువమంది ఊగిసలాడతారు. తేలిక ఒక్కటే కొలత అయితే లుబుంటుదే పైచేయి. అది వాడే ఎల్‌ఎక్స్‌క్యూటీ డెస్క్‌టాప్ (తెర మీద మెనూలు, విండోలు చూపే భాగం) తక్కువ ర్యామ్‌తో సర్దుకుంటుంది. మింట్ తెరుచుకుని ఊరికే కూర్చున్నా ఒక జీబీకి దగ్గరగా తీసుకుంటుంది. అయినా 4 జీబీ ఉన్న యంత్రానికి నేను మింటే వేస్తాను. మొదటి కారణం ఫైర్‌ఫాక్స్. లుబుంటులో అది స్నాప్ ప్యాకేజీగా, అంటే కావాల్సినవన్నీ లోపలే మూటగట్టుకున్న ఫైలుగా వస్తుంది. తిరిగే డిస్క్ మీద స్నాప్ మొదటిసారి తెరుచుకోవడానికి పట్టే సమయం ఓపికను పరీక్షిస్తుంది. మింట్‌లో ఫైర్‌ఫాక్స్ మామూలు ప్యాకేజీగానే వస్తుంది. రెండో కారణం ఆయుష్షు. రెండూ ఉబుంటు అనే మరో లినక్స్ 24.04 వెర్షన్ పునాది మీద నిలిచినవే అయినా, లుబుంటు 24.04కు మూడేళ్లే మద్దతు, అంటే 2027 వరకు. మింట్ 22కు 2029 వరకు ఉంది. ఇంట్లో పెద్దవాళ్ల కోసం పెట్టిన కంప్యూటర్‌కు ఆ రెండేళ్లు చాలా విలువైనవి. మూడో కారణం టైమ్‌షిఫ్ట్. ఏదైనా అప్‌డేట్ తేడా చేస్తే నిన్నటి స్థితికి వెనక్కి తీసుకువెళ్లే ఆ సాధనం మింట్‌లో ముందే ఉంటుంది.

ర్యామ్ 2 జీబీయే అయితే లెక్క మారుతుంది. ఇక్కడే నాకు యాంటీఎక్స్ మీద అభిమానం కలిగింది. డెబియన్ పునాది, కంప్యూటర్ లేవగానే మిగతా పనులన్నీ మొదలుపెట్టే సిస్టమ్‌డీ అనే ప్రోగ్రామ్ లేదు, డెస్క్‌టాప్ స్థానంలో ఐస్‌డబ్ల్యూఎం అనే చిన్న విండో మేనేజర్. తెరుచుకున్నాక రెండు మూడు వందల ఎంబీ దగ్గర ఆగుతుంది. మిగిలినదంతా బ్రౌజర్‌కే దక్కుతుంది. అసలు బరువంతా ఆ బ్రౌజర్‌లోనే ఉంది. డెస్క్‌టాప్ ఎంత తేలికైనా, ఈ కాలపు వెబ్ పేజీలు నాలుగైదు ట్యాబ్‌లలో తెరిస్తే 2 జీబీ నిండిపోతుంది. ఆ తరవాత కంప్యూటర్ డిస్క్‌ను ర్యామ్‌లా వాడుకోవడం మొదలుపెడుతుంది, లైటు మళ్లీ ఆగకుండా మినుకుమంటుంది. జడ్‌ర్యామ్ పెట్టుకుంటే ర్యామ్‌లోని సమాచారమే కుదించుకుని కొంత చోటు మిగులుతుంది. మా ల్యాప్‌టాప్‌లో రెండు ట్యాబ్‌లకు మించి తెరవకూడదన్న నియమం దానితోనే సడలింది.

యాంటీఎక్స్‌తో చిక్కేమిటంటే, అది మీరు అన్నీ వెతికి తెలుసుకుంటారని నమ్ముతుంది. మొదటి రోజు వైఫై జాబితా ఖాళీగా కనిపించింది. డ్రైవర్ లేదనుకుని ఒక పూట వెతికాను. చివరికి నెట్‌వర్క్‌కు కలిపే కాన్‌మ్యాన్ అనే ప్రోగ్రామ్ విండోలో వైఫైకి ఎదురుగా ఉన్న పవర్ గడి ఆపి ఉందని తేలింది. అది నొక్కగానే నెట్‌వర్క్‌ల పేర్లన్నీ వరుసగా వచ్చాయి. తెలిసినవారికి ఇది అరనిమిషం పని. ఎప్పుడూ విండోస్ మాత్రమే వాడినవారి చేతికి ఇచ్చి ఊరికి వెళ్లిపోతే మాత్రం ఆ కంప్యూటర్ మళ్లీ అటక ఎక్కుతుంది. అందుకే 2 జీబీ యంత్రం మీ కోసమైతే యాంటీఎక్స్, ఇంకొకరి కోసమైతే లుబుంటు వేయమంటాను.

పప్పీ తీరు వేరు. 2003లో బ్యారీ కౌలర్ మొదలుపెట్టిన ఈ లినక్స్ పెన్‌డ్రైవ్ నుంచి లేచి మొత్తం ర్యామ్‌లోకి చేరి కూర్చుంటుంది. హార్డ్ డిస్క్ పూర్తిగా పోయిన యంత్రంలో కూడా నడుస్తుంది. షట్‌డౌన్ చేసేటప్పుడు సేవ్ ఫైల్ సృష్టించాలా అని అడిగే ప్రశ్నను తొందరలో దాటవేస్తే, ఆ రోజు మార్చిన సెట్టింగ్‌లన్నీ పోతాయి. పైగా మామూలుగా రూట్ వాడుకరిగానే, అంటే ఏ అడ్డూ లేకుండా అన్నీ మార్చగల అధికారంతోనే నడుస్తుంది. లేవని కంప్యూటర్‌లోంచి ఫొటోలు బయటికి తీయడానికి ఇంతకంటే మంచి తోడు లేదు. రోజువారీ వాడకానికి మాత్రం నేను సిఫారసు చేయను.

ఈ నాలుగింటిలో ఏది ఎంచుకున్నా, చేతిలో కొంచెం డబ్బుంటే ముందు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయించండి. మా ల్యాప్‌టాప్‌కు నాలుగు లినక్స్‌లు మార్చినప్పుడు కలగని తేడా ఆ ఒక్క మార్పుతో కలిగింది. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మూత విప్పి, పాత డిస్క్ స్థానంలో కొత్తది బిగించడం చాలా మోడళ్లలో స్క్రూడ్రైవర్‌తో అయ్యే పనే. ర్యామ్‌కు ఖాళీ స్లాటు ఉంటే అది తరవాతి మెట్టు. 2 జీబీ కాస్తా 4 అయితే పైన చెప్పిన మింట్ కూడా మీకు అందుబాటులోకి వస్తుంది.

ఇన్‌స్టాల్ బటన్ నొక్కేముందు పెన్‌డ్రైవ్ మీదే ఒక పూట నడిపి చూడండి, డిస్క్‌లో ఏమీ మారదు. వైఫై పట్టుకుంటోందా, స్పీకర్ పలుకుతోందా, వీడియో 480పీలో ఆగకుండా సాగుతోందా చూడండి. మూత మూసి, పది నిమిషాలాగి తెరవండి. నాలుగింటిలో రెండు లినక్స్‌లు మా ల్యాప్‌టాప్‌లో మూత తెరిచాక నల్ల తెరతోనే ఉండిపోయాయి. ఇలాంటి విషయం డిస్క్ మీదికి ఎక్కించేముందే తెలుసుకోవడం మంచిది. పాత డిస్క్‌లోని ఫొటోలు, పత్రాలు వేరే చోటికి కాపీ చేసి, ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో కూడా చూశాకే ఇన్‌స్టాల్ మొదలుపెట్టండి.