గ్లాసులో బోరు నీళ్లను బురదగా మార్చి చూపిస్తారు, నమ్మి ఫిల్టరు కొనకండి

పొదిలి దగ్గర మా ఊళ్లో గత నెల మా అమ్మ 14,500 రూపాయలు పోగొట్టుకుంది. బోరు నీళ్లు తాగే ప్రతి ఇంటివారూ దయచేసి ఇది చివరిదాకా చదవండి.

మధ్యాహ్నం వేళ ఇద్దరు కుర్రాళ్లు మోటారు సైకిలు మీద వచ్చి, నీళ్ల పరీక్ష ఉచితమన్నారు. రెండు గాజు గ్లాసులు అడిగి ఒకదానిలో మా బోరు నీళ్లు, రెండోదానిలో తాము తెచ్చిన నీళ్లు పోశారు. కడ్డీలున్న చిన్న పరికరాన్ని రెండింటిలోనూ ముంచి ప్లగ్గు పెట్టారు. చూస్తుండగానే మా నీళ్లు పసుపు రంగుకు తిరిగి, ఆకుపచ్చబడి, చివరికి చెరువు అడుగు బురదలా నురగ కట్టాయి. వాళ్ల నీళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి. "ఇన్నాళ్లూ మీ మనవరాలికి తాగించింది ఇదేనమ్మా" అన్నాడట ఒకడు. అమ్మ మారు మాట్లాడకుండా వెళ్లి బీరువా తెరిచింది.

ఆ బురద మన నీళ్లలోది కాదు. వాళ్ల కడ్డీల్లోని ఇనుము కరిగి పుట్టిన తుప్పు. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, ఇనుము కరుగుతుంది. లవణాలు తీసేసిన నీళ్లలో కరెంటు సరిగా పారదు, అందుకే రంగు రాదు. నేను ఊరికి వెళ్లాక రెండు ఇనుప మేకులు, 9 వోల్టుల బ్యాటరీతో చేసి చూశాను. కొన్న క్యాను నీళ్లు తేటగా ఉన్నాయి. అందులోనే చిటికెడు ఉప్పు కలిపితే కాసేపటికి అదే తుప్పు రంగు వచ్చింది. మీరు చేసినా బ్యాటరీతోనే చేయండి, ఇంటి కరెంటు జోలికి పోవద్దు.

అసలు దెబ్బ తర్వాత తెలిసింది. మా వైపు పల్లెల్లో ఫ్లోరైడు పాత శత్రువు. మా ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ జిల్లా ఊళ్లలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడు ఎక్కువై పళ్లూ ఎముకలూ పాడయ్యే జబ్బు, ఉందని 1937లోనే వైద్యులు రాశారు. అందుకే బోరు నీళ్లను, ఫిల్టరు నుంచి వచ్చిన నీళ్లను వేర్వేరు సీసాల్లో ప్రభుత్వ గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) ల్యాబుకు తీసుకెళ్లాను. బోరు నీళ్లలో లీటరుకు 2.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు. ఫిల్టరు నీళ్లలో 2.2! మన దేశ ప్రమాణం ప్రకారం 1 దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. విప్పి చూస్తే లోపల బొగ్గు గొట్టం, రంగు రాళ్లు తప్ప, ఫ్లోరైడును ఆపే ఆర్‌ఓ పొర లేనే లేదు. బొగ్గుతో ఫ్లోరైడు పోదు, కాచినా పోదు. ఆ నీళ్లే శుద్ధమైనవని నమ్మి మూడు వారాలు పాపకు పట్టించాం. అది తలచుకుంటే కడుపు రగిలిపోతోంది.

టీడీఎస్ మీటరు చూపించినా నమ్మేయకండి. అది చెప్పేది మొత్తం లవణాల లెక్క ఒక్కటే. ఫ్లోరైడు ఎంతో, సూక్ష్మక్రిములు ఉన్నాయో లేవో దానికి తెలియదు. ముందు ల్యాబులో ఫ్లోరైడు, నైట్రేటు, కోలిఫాం (మురుగు కలిసిందేమో చెప్పే క్రిములు) చూపించుకోండి. క్రిముల పరీక్షకు సీసా ల్యాబు వాళ్లే ఇస్తారు, పట్టిన రోజే చల్లగా ఉంచి చేర్చాలి. ఆ కాగితం చేతిలో పెట్టుకుని, దానిలో తేలిన దోషాన్ని తీసే మిషనే అడగండి. బిగించాక బయటికొచ్చే నీళ్లనూ మళ్లీ పరీక్షకు ఇవ్వండి.

రసీదు మీద ఉన్న నంబరు ఇప్పుడు పలకడం లేదు. వాళ్లు ఇంట్లో పెద్దవాళ్లు మాత్రమే ఉండే వేళ చూసుకుని వస్తున్నారు. ఊళ్లో ఉన్న మీ అమ్మానాన్నలకు ఈ రోజే ఫోను చేసి, ఆ చిటికెడు ఉప్పు సంగతి చెప్పండి.