క్యాంపస్ కౌన్సెలరా, ఫోన్ నంబరా, ఊరి ఆసుపత్రితో పొత్తా: విద్యార్థికి ఏది మేలు?

నేను పాఠాలు చెప్పిన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కౌన్సెలింగ్ గది ప్రిన్సిపాల్ గదికి సరిగ్గా ఎదురుగా ఉండేది. ఆ తలుపు తోసే పిల్లవాడిని అటెండరు చూస్తాడు, ఫీజు కట్టడానికొచ్చిన వాళ్లు చూస్తారు, సంతకాల కోసం వరండాలో నిలబడ్డ సీనియర్లు చూస్తారు. సాయంత్రానికల్లా క్లాసంతా తెలిసిపోతుంది. అటెండెన్స్ తగ్గిందని హెచ్‌ఓడీ (విభాగాధిపతి) పంపితే వచ్చినవాళ్లే తప్ప, తమంతట తాముగా ఆ గదికి వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు కాలేజీలన్నీ ఈ విషయం పట్టించుకోక తప్పదు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, 100 మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. అంతకంటే చిన్న సంస్థలైతే బయటి నిపుణులతో ఒప్పందం పెట్టుకోవాలి. కాబట్టి ఆ ఒక్కరిని ఎలాగూ పెట్టుకుంటారు. వాళ్లతో సరిపెట్టుకోవచ్చా, ఇంకెవరైనా కావాలా అన్నదే తేలాలి.

కౌన్సెలర్ క్యాంపస్‌లోనే ఉంటే లాభం లేకపోలేదు. మిడ్ పరీక్షలు ఎప్పుడో, బ్యాక్‌లాగ్స్ (తప్పిన సబ్జెక్టులు) వల్ల పై ఏడాదికి వెళ్లనివ్వకుండా డిటెయిన్ చేస్తే పిల్లలు ఎంత కుంగిపోతారో ఆయనకు చెప్పనక్కర్లేదు. ఐఐటీ హైదరాబాద్‌లో సన్‌షైన్ అనే కౌన్సెలింగ్ విభాగం ఉంది. అక్కడ కౌన్సెలర్లతో పాటు కొత్తవాళ్లను కనిపెట్టుకుని ఉండే సీనియర్ విద్యార్థులు కూడా ఉంటారు. మామూలు ప్రైవేటు కాలేజీలో మాత్రం వేలమందికి ఒకరే దిక్కు, ఆయనకు జీతమిచ్చేదీ అదే యాజమాన్యం. "వాడేం చెప్పాడు?" అని హెచ్‌ఓడీ అడిగితే ఎంతమంది నోరు మెదపకుండా ఉండగలరు? గోప్యత రోగి హక్కని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతుంది. కానీ ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉంటాయో పిల్లలకు తెలుసు.

ఆ భయం లేనిది ఫోన్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. ఫోన్ చేయడానికి పైసా ఖర్చు లేదు, రాత్రి రెండింటికైనా తెలుగులో మాట్లాడొచ్చు. హైదరాబాద్‌లో రోష్ని సంస్థ వాలంటీర్లు 1997 నుంచీ ఇలా ఫోన్లో వింటున్నారు. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని ఆసుపత్రి గుమ్మం తొక్కడానికి జంకే అమ్మాయికి ఇదే సుళువైన దారి. కాకపోతే ఒకే గదిలో నలుగురైదుగురు ఉండే హాస్టల్లో ఎక్కడికెళ్లి మాట్లాడాలి? ఆసుపత్రికి వెళ్లమని అటునుంచి చెబితే, పొద్దున్నే లేచి వెంట వచ్చేదెవరు?

ఈ వెంట వచ్చే మనిషి కోసమే నా ఓటు మూడో దారికి, అంటే ఊరి ఆసుపత్రితో పొత్తుకు. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో హరారేలో ఒక పని మొదలుపెట్టాడు. క్లినిక్‌ల ఆవరణలో చెక్క బల్లలు వేయించి, శిక్షణ ఇచ్చిన బామ్మలను కూర్చోబెట్టాడు. అక్కడివాళ్లు కుంగుబాటును షోనా భాషలో 'కుఫుంగిసిసా' అంటారు, అంటే అతిగా ఆలోచించడం. మన ఇళ్లలో "ఎక్కువ ఆలోచించకు" అంటారే, అదే. 573 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి: బల్ల దగ్గర మాట్లాడినవాళ్లలో ఆరు నెలల తర్వాత లక్షణాలు బాగా తగ్గాయి. అయితే ఆ బామ్మలకు పైన పర్యవేక్షణ ఉంది, తమవల్ల కానివాళ్లను పెద్ద వైద్యుల దగ్గరకు పంపే ఏర్పాటూ ఉంది. అది లేకుండా బల్లలు మాత్రం వేస్తే అరుగు మీద కబుర్లే.

మన దగ్గర ఆ బామ్మ ఎవరు? నాకు తెలిసినంతలో మెస్‌లో వడ్డించే ఆమె. ఒకరోజు నన్ను ఆపి, "214 రూమ్ బాబు మూడు రోజులుగా ప్లేటు పట్టుకోవట్లేదు సార్" అంది. మార్కుల షీట్ చూసుకుంటూ కూర్చున్న నాకు ఆ సంగతే తెలియదు. వెళ్లి చూస్తే దుప్పటి ముసుగేసుకుని ఉన్నాడు. నాలుగు సబ్జెక్టులు పోయాయి, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, ఇంట్లో చెప్పలేదు. డాక్టరు దగ్గరకు వెళ్దామంటే "నన్ను ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపిస్తారా సార్?" అన్నాడు. జిల్లా ఆసుపత్రిలో జ్వరానికి రాసే చీటీ లాంటిదే దీనికీ రాస్తారని నచ్చజెప్పి, ఆటోలో పక్కన కూర్చుని తీసుకెళ్లాను. మందులు పని చేయడానికి కొన్ని వారాలు పట్టింది. ఈలోగా డాక్టరు రాసిచ్చిన కాగితం చూసి కాలేజీ వాళ్లు అటెండెన్స్ సర్దుబాటు చేశారు. అదే మాట మా కౌన్సెలర్ అంతకుముందు ఇంకొకరి కోసం చెబితే ఎవరూ వినలేదు.

ఆసుపత్రులతో పొత్తులన్నీ ఇలా ఉండవనుకోండి. చాలాచోట్ల ఒప్పందమంటే ఫ్లెక్సీ, శాలువా, కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ కోసం పెట్టే ఫైల్లోకి ఒక ఫొటో. ఏడాదికోసారి వచ్చి "పాజిటివ్‌గా ఉండండి" అని వెళ్లే వక్త వల్ల ఆరోజు క్లాసులు పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. చనిపోవాలనుందని ఎవరైనా అంటే అప్పుడు ఈ పోలికలే వద్దు. ఒంటరిగా వదలకుండా నేరుగా ఆసుపత్రి క్యాజువాల్టీకి (అత్యవసర విభాగానికి) తీసుకెళ్లాలి, దారిలోనే 14416కి ఫోన్ చేయొచ్చు.

డబ్బున్న పెద్ద క్యాంపస్ అయితే ముగ్గురు నలుగురు కౌన్సెలర్లు, సీనియర్ల బృందం పెట్టుకోనివ్వండి. ఊరి చివరి కాలేజీకి ఒక్కరినే తీసుకునే స్తోమత ఉంటే, కోర్టు చెప్పిన ముగ్గురిలో సోషల్ వర్కర్‌ని తీసుకోమంటాను, ఆసుపత్రికీ హాస్టల్‌కీ మధ్య తిరగడమే పనిగా. ఏ వారం ఏ డాక్టరు చూస్తారు, వెంట ఎవరు వెళ్తారు అన్నది ఒప్పందంలో రాసుకోవాలి. మేము రాసుకున్నప్పుడు అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగింది ఆటో ఖర్చు మీద. ఏ పద్దు కింద చూపాలో అకౌంట్స్ సెక్షన్‌కు అంతుపట్టలేదు. చివరికి నలుగురు లెక్చరర్లం తలా 500 వేసుకుని, ఒక కవర్లో పెట్టి వార్డెన్ చేతికిచ్చాం.