లెనిన్ సెంటర్‌లో దొరికిన నిఘంటువు

ఏ నిఘంటువు చేతికొచ్చినా నేను ముందుగా తెరిచేది ‘వైండ్ అప్’ అనే మాట దగ్గర. ఇంట్లో కూర్చుని ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేసే పని నాది. ఈ ఒక్క మాటకు సరైన అర్థం చెప్పగలిగితే ఆ నిఘంటువును నమ్ముతాను. విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణంలో 150 రూపాయలకు కొన్న ఫ్రేజల్ వెర్బుల (క్రియకు ‘అప్’, ‘ఆఫ్’ లాంటి చిన్న మాట చేరి వేరే అర్థమిచ్చే పదబంధాల) నిఘంటువు ఈ పరీక్షలో నెగ్గింది.

ఈ మాటే ఎందుకంటే, దీనివల్ల మా ఇంట్లో ఒక పెద్దాయన నెల రోజులు నిద్ర లేకుండా గడిపారు. మా బాబాయి ఒక కంపెనీలో 2 లక్షలు డిపాజిట్ చేశారు. ఒకరోజు ఆయనకు ఇంగ్లిష్‌లో ఒక నోటీసు వచ్చింది. ‘వైండింగ్ అప్’ అని ఉన్న చోట వేలు పెట్టి, “దీని అర్థం ఏమిటమ్మా?” అని అడిగారు. నా ఫోనులో ఉన్న నిఘంటువు తెరిచాను. ముగించు, పూర్తిచేయు, ఆపు, మూసివేయు అని వరసగా పర్యాయపదాలు చూపించింది. ఏ మాట ఎక్కడ వాడాలో ఒక్క ముక్క లేదు. “కంపెనీ మూసేశారు బాబాయ్” అని చెప్పేశాను. ఆయన ఆ కాగితం మడిచి బీరువాలో పెట్టేసి, ఇక ఆ డబ్బు ఊసెత్తలేదు.

తర్వాత ఈ పుస్తకం కొన్న రోజు, అలవాటు ప్రకారం అక్కడే నిలబడి ఆ పేజీ తీశాను. మొదటి అర్థం సభనో ఉపన్యాసాన్నో ముగించడం. రెండోది కంపెనీకి సంబంధించినది: వ్యాపారం ఆపి, ఉన్న ఆస్తులు అమ్మి, అప్పులు తీర్చడం. ‘అప్పులు తీర్చడం’ అన్న దగ్గర ఆగిపోయాను. బాబాయి కూడా ఆ కంపెనీకి అప్పిచ్చినవారే కదా! ఇంటికి వెళ్లి నోటీసు మళ్లీ చదివాను. లిక్విడేటర్‌ను, అంటే ఆస్తులు అమ్మి బాకీలు తీర్చే అధికారిని, నియమించారనీ, రావలసిన బాకీలున్నవాళ్లు ఫలానా తేదీలోగా ఆధారాలతో దరఖాస్తు చేసుకోవాలనీ అందులో స్పష్టంగా ఉంది. గడువు ఇంకా 9 రోజులు ఉంది. చట్టం ప్రకారం వైండింగ్ అప్ అనేది లెక్కలు తేల్చే ప్రక్రియ. ఆ లెక్కలన్నీ తేలాక కంపెనీని రద్దు చేస్తారు, దాని పేరు ‘డిసల్యూషన్’. అసలు ముగింపు అదీ. కార్మికుల బకాయిలు, ఆస్తులు తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు ముందు వరుసలో ఉంటాయి, డిపాజిట్‌దారుల వంతు ఆ తర్వాతే. ఎంత వస్తుందో చెప్పలేం కానీ, దరఖాస్తు మాత్రం పెట్టించాను. బాబాయి రసీదును కళ్లకు అద్దుకున్నారు.

మిగతా అర్థాలూ ఈ పుస్తకంలో చక్కగా విడదీసి ఉన్నాయి. గడియారానికి కీ ఇవ్వడం ఒకటి, ఎవరినైనా కావాలని రెచ్చగొట్టడం ఇంకొకటి. అనుకోని చోటికి చేరడం మరొకటి. మనం ‘చివరికి ఆసుపత్రిలో తేలాడు’ అంటామే, సరిగ్గా అదే. ఈ అర్థంలో ‘ఎండ్ అప్’ దానికి పర్యాయపదం అవుతుంది. కంపెనీ విషయంలో అవదు, అక్కడ ‘లిక్విడేట్’ అనాలి. సభ విషయంలో ‘ర్యాప్ అప్’ సరిపోతుంది. ప్రతి అర్థానికీ విడిగా పర్యాయపదాలిచ్చి, కర్మపదం ‘వైండ్’కూ ‘అప్’కూ మధ్యలో వస్తుందో రాదో కూడా చూపించారు. నాకు కావలసింది ఇదే.

ఇంతకుముందు ఈ పుస్తకం ఎవరిదో గానీ, ఆ మాట పక్కన పెన్సిల్‌తో ‘చాప చుట్టు’ అని రాసుకున్నారు. చూడగానే మనసు నిండిపోయింది. ఇంగ్లిష్ మాటలోనూ చుట్టడమే ఉంది, మన నానుడిలోనూ చుట్టడమే ఉంది. కింద ఇంకో రెండు: ‘బిచాణా ఎత్తేయడం’, ‘మంగళం పాడడం’. అయితే వీటికీ ఎక్కడి చోటు అక్కడే. వంద పరుగులకే జట్టు చాప చుట్టేసిందని ఆటల పేజీలో రాస్తాం. బిచాణా ఎత్తేశారంటే మోసం చేసి పారిపోయిన వాసన వస్తుంది. మంగళం పాడేది పథకాలకు. లిక్విడేటర్ నోటీసు అనువాదంలో ఈ మూడింటిలో ఏదీ పెట్టలేం.

లోపాలు లేకపోలేదు. ఉచ్చారణ ఇవ్వలేదు. ఇంగ్లిష్‌లో ఒకే అక్షరాలను ‘విండ్’ అని చదివితే గాలి, ‘వైండ్’ అని చదివితే చుట్టడం. భూతకాలంలో ‘వౌండ్’ అనాలి, అవే అక్షరాలను ‘వూండ్’ అంటే గాయం. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ తప్పకుండా తడబడతారు. అచ్చు మరీ సన్నం, రాత్రి దీపం కింద చదవలేకపోతున్నాను.

దుకాణం గురించి కూడా చెప్పాలి. అరగంట నిలబడి చదువుకున్నా దుకాణం ఆయన ఏమీ అనలేదు, పైగా స్టూలు వేశారు. 200 చెప్పి, బేరం ఆడకముందే 50 తగ్గించారు.

కుట్టు వదులైపోతే గవర్నర్‌పేటలో 60 రూపాయలకు బైండింగ్ చేయించాను. అంచులు మాత్రం కత్తిరించవద్దని, ఆ పెన్సిల్ రాతలు చూపించి మరీ చెప్పాను.