స్పెషల్ బీఈడీ: చదివి, ఏళ్లుగా ఆ చదువుతోనే పనిచేస్తూ రాస్తున్న సమీక్ష

బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ ప్రకటన వెలువడే రోజుల్లో నాకు ఫోన్లు మొదలవుతాయి. పాకాల, పుత్తూరు, పూతలపట్టు వైపు ఊళ్లలో డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయిలు, వాళ్ల నాన్నలు ఒకటే అడుగుతారు: మామూలు బీఈడీలో చేరాలా, వైకల్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పడం నేర్పే స్పెషల్ బీఈడీలో చేరాలా అని. ఫోనులో రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదు కాబట్టి నాకు తెలిసినదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నేను చదివింది తిరుపతిలో. మేధో వైకల్యం నేను ఎంచుకున్న విభాగం. మొదట తిరుపతిలోనే ఒక స్వచ్ఛంద సంస్థ పాఠశాలలో పనిచేశాను. ఆ తర్వాత చిత్తూరు జిల్లాలో ఒక మండలంలో, ప్రత్యేక అవసరాల పిల్లలకు ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను.

నా తీర్పు ముందే చెబుతాను. ఇది గొప్ప చదువు. అయితే దాని విలువంతా పిల్లల పక్కన కూర్చుని గడిపే గంటల్లో ఉంది. ఆ గంటలు ఇవ్వని కాలేజీలో రెండేళ్లు చదివినా చేతికి వచ్చేది పట్టా మాత్రమే, పని రాదు.

చేరడానికి సాధారణంగా డిగ్రీలో 50 శాతం మార్కులు ఉండాలి. 2015 నుంచి ఇది రెండేళ్ల కోర్సు, నాలుగు సెమిస్టర్లు. మనోవిజ్ఞానం, బోధన పద్ధతుల వంటి పేపర్లు మామూలు బీఈడీ వాళ్లు చదివేవే. వాటితోపాటు అన్ని రకాల వైకల్యాల పరిచయం ఉంటుంది, ఆపైన మనం ఎంచుకున్న విభాగం లోతుగా ఉంటుంది. వినికిడి లోపం, దృష్టి లోపం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, ఆటిజం ఇలా విభాగాలు వేరువేరు. ఏ కాలేజీలో ఏ విభాగానికి అనుమతి ఉందో భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ జాబితాలో చూసుకోవాలి. ఈ ఒక్క పని మాత్రం ఫీజు కట్టకముందే చేయండి. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఈ వృత్తిలో పనిచేయాలంటే కేంద్ర రిజిస్టరులో పేరు నమోదై ఉండాలి. అనుమతి లేని కోర్సు చదివితే ఆ నమోదు జరగదు. నమోదు లేనిదే ఉద్యోగం రాదు.

ఇక పని ఎలా నేర్పుతారో చెబుతాను. నాకు అన్నిటికన్నా బలంగా గుర్తున్నది చొక్కా బొత్తాల పాఠం. పన్నెండేళ్ల బాబుకు చొక్కా వేసుకోవడం నేర్పాలి. మామూలుగా ఎవరైనా మొదటి బొత్తాంతో మొదలుపెట్టిస్తారు. మాకు తలకిందులుగా చేయమన్నారు. చొక్కా తొడగడం, అంచులు కలపడం, బొత్తాం కాజా దగ్గరికి తేవడం, సగం దూర్చడం అన్నీ నేనే చేయాలి. దూరిన ఆ సగాన్ని పట్టుకుని ఇవతలికి లాగడం ఒక్కటే బాబుకు వదలాలి. అది వచ్చాక దూర్చడం కూడా వాడికే వదలాలి, ఆ తర్వాత అంచులు కలపడం. ఇలా చివరి మెట్టు నుంచి మొదటి మెట్టుకు వెనక్కి నడవాలి. ఇందులో కిటుకు ఏమిటంటే, ప్రతిసారీ పని పూర్తయ్యేది పిల్లవాడి చేతిలోనే. ఓడిపోయి వదిలేసిన రోజంటూ వాడికి ఉండదు. మేము మొదలుపెట్టినది పెద్ద బొత్తాలు కుట్టిన ఒక అట్టముక్క మీద, ఆ తర్వాత బల్ల మీద పరిచిన చొక్కాతో, చివరికి ఒంటి మీది చొక్కాతో. మొదటిసారి ఎవరి సాయమూ లేకుండా బొత్తాం లాగినప్పుడు వాడు దాన్ని మళ్లీ విప్పేసి నా వైపు తోశాడు, ఇంకోసారి చేద్దామన్నట్టు. ఏ పుస్తకమూ నాకు అంత స్పష్టంగా ఈ పద్ధతిని చెప్పలేదు.

రాయడం కూడా కొత్తగా నేర్పారు. 'ఈ బాబు బాగా అల్లరి చేస్తాడు' అని నివేదికలో రాస్తే మా పర్యవేక్షకురాలు ఎర్ర సిరాతో కొట్టేసేవారు. పది నిమిషాల్లో ఎన్నిసార్లు లేచాడు, లేవడానికి ముందు ఏం జరిగింది, లేచాక మనం ఏం చేశాం, ఆ మూడూ రాయాలి. వారం తిరిగేసరికి కాగితం మీద కారణం కనిపిస్తుంది. పక్కవాడి డబ్బా చప్పుడుకో, కష్టమైన పని ముందు పెట్టినప్పుడో లేస్తున్నాడని తెలుస్తుంది. పిల్లవాడి మీద కోపం పోయి, పని మీద దృష్టి పడుతుంది. మద్రాసులో రూపొందిన ఎండీపీఎస్ అనే అంచనా పద్ధతి ఉంది: 18 రంగాలు, 360 అంశాలు. తినడం నుంచి డబ్బు లెక్క దాకా పిల్లవాడు ఏది చేయగలడో, ఏది ఇంకా నేర్వాలో అందులో చూస్తాం. మేధో వైకల్యంపై పనిచేసే సికింద్రాబాద్ జాతీయ సంస్థ తయారుచేసిన ఎఫ్ఏసీపీ జాబితా కూడా ఉంది. విద్యార్థిగా ఉన్నప్పుడు అన్ని అంశాలు నింపడం విసుగనిపించేది. ఇప్పుడు అవి లేకుండా ఏ పిల్లవాడికీ వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాయను.

లోటు ఎక్కడుందంటే, చాలా పాఠ్యాంశాల్లో మన భాష లేదు. అభ్యసన వైకల్యం గురించి చదివినప్పుడు ఇంగ్లిషు 'బి', 'డి' అక్షరాలు తారుమారయ్యే ఉదాహరణలే కనిపించాయి. తెలుగు పిల్లల తడబాటు వేరు. మ, య దగ్గర ఆగుతారు. ప, వ కలిపేస్తారు. అక్షరాలన్నీ వచ్చిన పిల్లవాడు కూడా గుణింతం దగ్గర, అంతకంటే ఎక్కువగా ఒత్తుల దగ్గర కూలబడతాడు. 'పలక' చదివినవాడు 'అక్షరం' దగ్గర నోరు మూసుకుంటాడు. అచ్చు గుర్తు చాలావరకు అక్షరం తలమీద ఉంటుంది, ఒత్తు కిందికి దిగుతుంది, చూపు ఒకేసారి రెండు వైపులా పోవాలి. ఒత్తును వేరే రంగు అట్టతో చేసి అక్షరం కింద జరిపి చూపించే సామగ్రి మేమే కత్తిరించుకున్నాం. ఇలాంటివి తెలుగులో సిద్ధంగా ఉంటే ఎంత మేలో, ఈ పని చేసే ప్రతి ఒక్కరికీ తెలుసు.

రెండో లోటు ఇంటికి సంబంధించినది. కుటుంబం, సమాజం అని సిలబస్‌లో పాఠం ఉంది, పరీక్షలో ప్రశ్నా వస్తుంది. కానీ మామిడి కాలంలో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలు తెరుచుకున్నాక తల్లులు కూలికి పోతారని, పిల్లవాడిని కేంద్రానికి తెచ్చేవాళ్లు ఉండరని ఏ పేపరూ చెప్పదు. ఆ నెలల్లో నేనే ఇంటికి వెళతాను. మంచం పట్టిన పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పే ఏర్పాటు ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకంలో ఉంది. అక్కడికి వెళితే అమ్మ అడిగే మొదటి ప్రశ్న చదువు గురించి ఉండదు. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం ధ్రువపత్రం గురించి, పింఛను గురించి అడుగుతుంది. ఆ తర్వాత నెమ్మదిగా, "మేము పోయాక వీడికి ఎవరు మేడం?" అంటుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలగడానికి నేను విడిగా చదువుకున్నాను. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి పద్దెనిమిదేళ్లు నిండాక చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమించుకోవచ్చు. జిల్లాలో దానికి స్థానిక కమిటీ ఉంటుంది. అదే ట్రస్టు నిరామయ పేరుతో లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఇస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య హక్కుగా ఉంది. పరీక్షల్లో రాయడానికి సహాయకుణ్ణి, గంటకు 20 నిమిషాల అదనపు సమయాన్ని అడగవచ్చు. ఇవి తెలియని టీచరు సగం టీచరే అని నా నమ్మకం. చదువుకునే రోజుల్లోనే ఈ చట్టాలు కంఠతా పట్టండి, పరీక్ష కోసం కాదు, ఆ తల్లుల కోసం.

నేర్చుకున్న పద్ధతి ఊరి జీవితంలో ఎలా పనికొస్తుందో ఒక ఉదాహరణ. ఆటిజం ఉన్న ఒక బాబుకు డప్పుల మోత అంటే ప్రాణభయం. గంగమ్మ జాతర రోజుల్లో ఇంట్లోవాళ్లంతా తలుపులేసుకుని కూర్చునేవారు. ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాం. ఫోనులో డప్పుల చప్పుడు చాలా చిన్నగా పెట్టి, వాడికి ఇష్టమైన పూసలు గుచ్చే పని ఇచ్చేవాళ్లం. చెవులు మూసుకుంటే ఆపేసేవాళ్లం. మరునాడు మళ్లీ అంతే చిన్నగా. కొంచెం కొంచెంగా పెంచాం. మేలో జాతర వచ్చినప్పుడు వాడు గుడి దాకా పోలేదు, వీధి చివర నాన్న భుజం మీద కాసేపు కూర్చున్నాడు. వాళ్ల అమ్మకు అది చాలు. నాకూ చాలు.

ఉద్యోగం సంగతి దాచకుండా చెప్పాలి. స్వచ్ఛంద పాఠశాలల్లో జీతం చాలా తక్కువ. భవిత కేంద్రాల్లో పనిచేసే ఐఈఆర్‌పీలది, అంటే మాలాంటి ప్రత్యేక టీచర్లది, కాంట్రాక్టు పద్ధతి. ఇల్లు గడవడానికి వెంటనే స్థిరమైన ఆదాయం కావలసినవారు ఇది లెక్కలోకి తీసుకుని దిగాలి. అయితే పరిస్థితి కదులుతోంది. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని చెప్పింది. మన రాష్ట్రంలో 2025లో 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు మంజూరయ్యాయి. టీచరు అర్హత పరీక్ష టెట్‌లో మనకు 1బి, 2బి పేపర్లు వేరుగా ఉన్నాయి. ఇన్నాళ్లూ దయతో జరిగిపోతుందనుకున్న పని ఇప్పుడు పోస్టుగా మారడం నాకు చాలా సంతోషం.

దూరవిద్య గురించీ అడుగుతుంటారు. హైదరాబాద్‌లోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఈ కోర్సును రెండున్నరేళ్లలో నడుపుతుంది. ఇప్పటికే పాఠశాలలో పనిచేస్తున్నవారికి అది సరిపోతుంది, పిల్లలు రోజూ కళ్ల ముందు ఉంటారు కాబట్టి. ఇంటి దగ్గర ఖాళీగా ఉండి పుస్తకాలతో నెట్టుకొద్దామనుకునేవారికి నేను వద్దనే చెబుతాను. ఎంఈడీ చేయాలా అంటే, కాలేజీలో బోధించాలని ఉంటేనే. అదీ కొన్నేళ్లు పిల్లల దగ్గర పనిచేశాకే.

విభాగం ఎంచుకునేటప్పుడు మార్కులనో స్నేహితులనో చూడకండి, మీ ఊరి చుట్టుపక్కల ఎవరున్నారో చూడండి. వినికిడి లోపం విభాగం తీసుకునేవారికి తిరుపతిలోనే తితిదే నడిపే శ్రీ వేంకటేశ్వర బధిర పాఠశాల ఉంది. పల్లెల్లో పనిచేయాలనుకుంటే మేధో వైకల్యం విభాగం ఎక్కువ అక్కరకొస్తుంది, మా కేంద్రానికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది వాళ్లే.

కాలేజీని చూడడానికి వెళ్లినప్పుడు భవనం చూసి రాకండి. ప్రాక్టికల్స్ ఏ పాఠశాలలో జరుగుతాయో అడిగి, అనుమతి తీసుకుని ఆ పాఠశాలలో ఒక పూట కూర్చోండి. మధ్యాహ్న భోజనం వేళ తప్పకుండా ఉండండి. చెంచా పట్టించడం, మూతి తుడుచుకోవడం నేర్పడం, బాత్రూముకు తీసుకెళ్లి తేవడం అన్నీ ఆ గంటలోనే జరుగుతాయి. మీరు చేయబోయే పనిలో ఎక్కువ భాగం అదే. చూశాక కూడా చేరాలనిపిస్తే నాకు ఫోను చేయండి, ఏ పుస్తకాలు కొనాలో, ఏవి అక్కర్లేదో చెబుతాను.