మెడికేర్‌తో కొన్నేళ్లు: స్క్రీనింగ్ ఉచితమే, ఆ మర్నాటి నుంచే అసలు లెక్క

65 దాటి, ఉద్యోగం మానేసి, అమెరికాలోనే ఉండిపోయిన మన మగవాళ్ల కోసం రాస్తున్నాను. 65 దాటినవాళ్లకు ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్‌లో చేరి చాలా ఏళ్లే అయింది. ప్రీమియాలు కట్టి, బిల్లులు చదివి, చెప్పిన పరీక్షలన్నీ చేయించుకున్నాక నాకంటూ ఒక అభిప్రాయం ఏర్పడింది. ప్లాన్ తీసుకునేటప్పుడు అందరూ నెలకు ఎంత, పళ్లకు ఇస్తారా, జిమ్ ఫ్రీయా అని అడుగుతారు. నన్నడిగితే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే ఉంది: రేపు రక్తపరీక్షలో ఒక అంకె తేడాగా వస్తే, ఆ మర్నాటి నుంచి ఎవరి పర్మిషన్‌తో ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి? మన వయసు మగవాళ్లకు ఆ అంకె చాలాసార్లు పీఎస్‌ఏనే అవుతుంది, అంటే ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే రక్తపరీక్ష.

నాది ఒరిజినల్ మెడికేర్, అంటే నేరుగా ప్రభుత్వం ఇచ్చేది: ఆసుపత్రికి పార్ట్ ఎ, డాక్టర్లకు, పరీక్షలకు పార్ట్ బి. దానిమీద, మన వాటాకొచ్చే ఖర్చు కట్టేందుకు విడిగా కొనే మెడిగ్యాప్ ఇన్సూరెన్స్, అందులో ప్లాన్ జి. మందులకు విడిగా పార్ట్ డి. మా బావగారిది అడ్వాంటేజ్ ప్లాన్, అంటే మెడికేర్‌నే ప్రైవేటు కంపెనీ ద్వారా తీసుకునేది. ఇద్దరం ఒకే ఊళ్లో ఉంటాం, వయసులో పెద్ద తేడా లేదు, ఇద్దరికీ అదే సమస్య వచ్చింది కాబట్టి పోల్చి చూసే అవకాశం దొరికింది.

చేరడం గురించి త్వరగా చెప్పేస్తా. తేదీలు తప్పకపోతే అందులో కష్టమేమీ లేదు. 65వ పుట్టినరోజు వచ్చే నెల, దానికి ముందు మూడు, తర్వాత మూడు, మొత్తం ఏడు నెలల గడువు. నేను 65 దాటాక కూడా పని చేశాను. 20 మందికి పైగా ఉన్న కంపెనీ ఇన్సూరెన్స్ కాబట్టి అప్పటిదాకా పార్ట్ బి తీసుకోకపోయినా పెనాల్టీ పడలేదు. ఉద్యోగం మానేశాక ఎనిమిది నెలల్లోపు చేరాలి, దానికి హెచ్‌ఆర్ వాళ్లతో ఎల్564 అనే ఫారం నింపించుకుని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు పంపాలి. మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది కోబ్రా దగ్గర, అంటే ఉద్యోగం మానేశాక కూడా పాత కంపెనీ ఇన్సూరెన్స్‌ను సొంత డబ్బుతో కొన్నాళ్లు కొనసాగించుకునే ఏర్పాటు. "కోబ్రా పద్దెనిమిది నెలలుంది కదా, అప్పుడు చూద్దాంలే" అంటారు. కోబ్రా గానీ, కంపెనీ ఇచ్చే రిటైరీ ఇన్సూరెన్స్ గానీ ఉద్యోగంలో ఉన్నట్టు లెక్కలోకి రావు. ఎనిమిది నెలలు దాటిపోతే, ఆలస్యమైన ప్రతి పూర్తి 12 నెలలకూ పార్ట్ బి ప్రీమియం పది శాతం చొప్పున పెరుగుతుంది, ఆ పెంపు మామూలుగా జీవితాంతం మోయాల్సిందే. పార్ట్ డి అయితే ఇంకా ఘోరం, మందుల కవరేజ్ లేకుండా 63 రోజులు గడిస్తే చాలు, పెనాల్టీ మొదలు. హెచ్‌ఎస్‌ఏలో (వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే ఖాతా) డబ్బు వేసేవాళ్లు దరఖాస్తుకు ఆరు నెలల ముందే ఆపేయాలి, ఎందుకంటే 65 దాటి చేరేవాళ్లకు పార్ట్ ఎ ని ఆరు నెలల దాకా వెనక్కి జరిపి అమలు చేస్తారు.

పార్ట్ బి ప్రీమియం 2026లో నెలకు 202.90 డాలర్లు. ఆదాయం ఎక్కువుంటే ఐర్మా అని పైన ఇంకొంత వడ్డిస్తారు, అదీ రెండేళ్ల కిందటి ట్యాక్స్ రిటర్న్ చూసి. అంటే జీతం బాగా వచ్చిన రోజుల లెక్క పెట్టి, జీతమే లేని రోజుల్లో వసూలు చేస్తారన్నమాట. రిటైరయ్యాం, ఆదాయం తగ్గింది అని ఎస్ఎస్ఏ-44 ఫారం పెడితే తగ్గిస్తారు. నాకు తగ్గించారు. ఈ ఫారం సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు, ఊరికే కట్టుకుంటూ పోతుంటారు.

ఇక పరీక్షల విషయానికి వద్దాం. ఏటా ఉచితంగా వచ్చే వెల్‌నెస్ విజిట్‌ను ఇండియాలో మాస్టర్ చెకప్ లాంటిదనుకుని పొద్దున్నే పరగడుపున వెళ్లేవాళ్లున్నారు. అది అలాంటిది కాదు. బీపీ, బరువు చూస్తారు, ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా, దిగులుగా ఉంటోందా, ఇంట్లో ఒంటరిగా ఉంటారా అని అడుగుతారు. మా క్లినిక్‌లో నర్సు మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమంది: అరటిపండు, సూర్యోదయం, కుర్చీ. తర్వాత ఖాళీ కాగితమిచ్చి గడియారం గీసి ముళ్లు పదకొండూ పదికి పెట్టమంది. ముప్పై ఏళ్లు ఇంజనీరింగ్ డ్రాయింగులు వేసినవాణ్ని, ఆ గుండ్రం గీసేటప్పుడు మాత్రం ఎందుకో చెయ్యి తడబడింది. గీసి ఇచ్చాక ఆ మూడు మాటలూ చెప్పమంటుంది. మతిమరుపు పరీక్ష అది, తేలిగ్గా తీసుకోవద్దు, మంచిదే. ఒక్క జాగ్రత్త ఏంటంటే, పనిలో పనిగా "డాక్టర్, మోకాలు నొప్పిగా ఉంది" అన్నారా, దాన్ని వేరే విజిట్ కింద బిల్లు చేయొచ్చు. అయినా నేను చెప్పడం మానను. డబ్బు పడుతుందని నొప్పి దాచుకోవడం తెలివైన పని కాదు, పడుతుందని ముందే తెలిసుంటే కోపం రాదు, అంతే.

మగవాళ్లకు ప్రత్యేకంగా ఉన్న ఒక పరీక్ష గురించి మన స్నేహితుల్లో ఎవర్ని అడిగినా తెలియదంటారు. పొట్టలోని పెద్ద రక్తనాళం ఉబ్బిందేమో చూసే అల్ట్రాసౌండ్. 65 నుంచి 75 ఏళ్ల మధ్య మగవాళ్లకు, జీవితం మొత్తంలో కనీసం వంద సిగరెట్లు కాల్చి ఉంటే, డాక్టర్ రాస్తే ఒక్కసారి ఉచితంగా చేస్తారు. కుటుంబంలో ఎవరికైనా ఆ జబ్బు ఉన్నా చేస్తారు. వంద అంటే ఎంత, అయిదు పెట్టెలు! హాస్టల్లో ఒక్క పరీక్షల సీజన్లో తగలేసిన లెక్క అది. "నేను స్మోకర్‌ని కాదండీ, ఎప్పుడో కాలేజీలో" అని డాక్టర్ దగ్గర పెద్దమనిషి కబుర్లు చెప్తే ఈ పరీక్ష రాయరు. పొట్టమీద చల్లటి జెల్ రాసి, ప్రోబ్ పెట్టి నొక్కి చూస్తారు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మూడు సెంటీమీటర్లు దాటితే ఉబ్బు కింద లెక్క, మగవాళ్లకు మామూలుగా 5.5 దాకా గమనిస్తూ ఉంటారు. పగిలేదాకా చాలామందికి ఏ లక్షణమూ ఉండదు, పగిలితే మాత్రం చాలామంది ఆసుపత్రి దాకా కూడా రారు. అందుకే దీన్ని అంత గట్టిగా చెప్తున్నా.

కొలనోస్కోపీ, అంటే పెద్దపేగు లోపల చూసే పరీక్ష, మామూలు రిస్క్ ఉన్నవాళ్లకు పదేళ్లకోసారి, ఉచితం. లోపల పాలిప్ (చిన్న కండలాంటి పెరుగుదల) కనిపించి తీసేస్తే మాత్రం ఒరిజినల్ మెడికేర్‌లో ప్రస్తుతం 15 శాతం మన వాటా పడుతుంది, 2030కల్లా అది సున్నా అవుతుంది. నా వాటా మెడిగ్యాప్ కట్టేసింది. ముందు రోజు తాగే ఆ మందు గురించి చెప్పి మిమ్మల్ని భయపెట్టను.

ఇప్పుడు పీఎస్‌ఏ. 50 దాటిన మగవాళ్లకు ఈ రక్తపరీక్షకు ఏటా ఒకసారి మెడికేర్ పూర్తిగా కడుతుంది. చేయించుకోవాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2018లో చెప్పిందేంటంటే, 55 నుంచి 69 మధ్య ఉన్నవాళ్లు డాక్టర్‌తో మాట్లాడి ఎవరికి వారు నిర్ణయించుకోవాలి, 70 దాటాక మామూలు స్క్రీనింగ్‌గా వద్దు అని. కారణం ఉంది. ప్రోస్టేట్ క్యాన్సర్ చాలామందిలో నిదానంగా పెరుగుతుంది, దానితో కాకుండా వేరే కారణంతోనే పోతారు. వెతికి పట్టుకుని ఆపరేషన్ చేస్తే మూత్రం ఆగకపోవడం, లైంగిక సమస్యలు మిగిలిపోవచ్చు. నేను ఇవన్నీ విన్నాకే చేయించుకున్నా, ఎందుకంటే రాత్రిళ్లు మూత్రానికి నాలుగుసార్లు లేస్తున్నా. మన మగవాళ్లు ఈ ఒక్క ముక్క డాక్టర్‌తో చెప్పరు. "వయసు కదండీ" అని సరిపెట్టుకుంటారు, ఇంట్లో ఆవిడకు తెలుసు, పక్కింటాయనకు తెలుసు, డాక్టర్‌కు తప్ప.

రిజల్ట్ డాక్టర్ కన్నా ముందు నాకే వచ్చింది, పోర్టల్లో, శుక్రవారం రాత్రి. 5.4, పక్కన ఎర్రగా "హై" అని. ఆ శనాదివారాలు ఎలా గడిచాయో చెప్పక్కర్లేదు. సోమవారం డాక్టర్ ఫోన్ చేసి మొదట అడిగింది ఏంటంటే, ఈ మధ్య మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చిందా, సైకిల్ ఎక్కువ తొక్కారా, పరీక్షకు ముందు రెండ్రోజుల్లో భార్యాభర్తలు కలిశారా అని. ఇవన్నీ పీఎస్‌ఏని పెంచగలవు. ప్రోస్టేట్ వాచినా పెరుగుతుంది, అది మన వయసులో మామూలే. దీనికి ఉల్టా సంగతి కూడా ఒకటుంది: ఫినాస్టరైడ్ అనే మందు వాడేవాళ్లలో పీఎస్‌ఏ దాదాపు సగానికి పడిపోతుంది, కాబట్టి వచ్చిన అంకెను రెట్టింపు చేసి చూడాలి. జుట్టు కోసం ఆ మందు వాడుతున్నవాళ్లు సిగ్గుపడి దాచిపెడితే అంకె అబద్ధం చెప్తుంది.

కొన్ని వారాలాగి మళ్లీ చేస్తే పెద్దగా తగ్గలేదు. యూరాలజిస్టును (మూత్రం, ప్రోస్టేట్ సమస్యలు చూసే డాక్టర్) నేనే ఎంచుకున్నా, మెడికేర్ తీసుకునే ఎవరైనా సరే, రిఫరల్, అంటే వేరే డాక్టర్ చీటీ, అక్కర్లేదు. ఆయన బయాప్సీకి (చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) తొందరపడకుండా ముందు ఎమ్మారై రాశారు. ఎవరి అనుమతీ అడగలేదు, డేట్ దొరికిన రోజు వెళ్లి చేయించుకున్నా. పై-రాడ్స్ అని ఒకటి నుంచి అయిదు దాకా స్కోరు ఇస్తారు, ఎక్కువైతే అనుమానం ఎక్కువ, నాకు రెండు. ప్రోస్టేట్ సైజు బాగా పెద్దది, ఆ సైజుకు ఆ పీఎస్‌ఏ ఎక్కువేమీ కాదన్నారు. బయాప్సీ లేదు, రాత్రిపూట ఒక మాత్ర, అప్పుడప్పుడు పరీక్ష. బిల్లులో ఆ ఏటి పార్ట్ బి డిడక్టబుల్ (ఏడాదిలో ముందుగా మనమే కట్టాల్సిన మొత్తం) తప్ప నా జేబులోంచి ఇంకేమీ పోలేదు. 2026లో ఆ డిడక్టబుల్ 283 డాలర్లు.

బావగారి కథ ఇంకోలా నడిచింది. ఆయన అంకె నాకన్నా ఎక్కువ. ఆయనకూ ఎమ్మారై రాశారు. ప్లాన్ వాళ్ల ముందస్తు అనుమతి కావాలి. మొదట రాలేదు, "అవసరం నిరూపణ కాలేదు" అని ఉత్తరం. యూరాలజిస్టు ఆఫీసులో ఆ ఫ్యాక్సులు చూసే అమ్మాయి గట్టిది కాబట్టి, డాక్టర్‌తో ప్లాన్ డాక్టర్‌కు ఫోన్ చేయించి, అప్పీలు పెట్టించి, చివరికి సాధించింది. ఈలోగా ఆయన వెళ్తున్న యూరాలజిస్టు ప్లాన్ ఒప్పుకునే డాక్టర్ల జాబితా, అంటే నెట్‌వర్క్ నుంచి బయటికెళ్లిపోయాడు. ఫోన్ చేసినప్పుడల్లా "బావగారూ, ఏమైంది?" అంటే "హోల్డ్‌లో పెట్టారయ్యా" అనేవారు. బయాప్సీలో క్యాన్సరే తేలింది, కానీ గ్లీసన్ 6, అన్నిటికన్నా తక్కువ రకం. ఆపరేషన్ వద్దు, గమనిస్తూ ఉందామన్నారు. ఆయన బాగానే ఉన్నారు. ఆ ఎదురుచూపుల వారాల్లో మాత్రం మా అక్క సగమైపోయింది.

అడ్వాంటేజ్ అంతా చెడ్డదని నేననను. పార్ట్ బి పైన అదనంగా ప్రీమియం లేని ప్లాన్లు చాలా ఉన్నాయి, ఏడాదికి జేబులోంచి పెట్టే ఖర్చుకు ఒక హద్దు ఉంటుంది, పళ్లకు కళ్లకు ఎంతో కొంత ఇస్తారు. మెడిగ్యాప్‌కు నెలనెలా కట్టలేనివాళ్లకు అదే దారి. 2026 నుంచి మామూలు అనుమతి అడిగితే ఏడు రోజుల్లో తేల్చాలి, అర్జంటైతే 72 గంటల్లో. అది మంచి మార్పే. కాకపోతే మనవాళ్లలో ఏజెంట్లు పూజలకీ పుట్టినరోజులకీ వచ్చి, "అంకుల్, జీరో ప్రీమియం" అని చెప్పేసి వెళ్తారు. మెడిగ్యాప్ సంగతి చెప్పరు. పార్ట్ బి మొదలైన ఆరు నెలల్లో ఏ జబ్బున్నా మెడిగ్యాప్ ఇచ్చి తీరాలి. అది దాటాక, కొన్ని రాష్ట్రాల్లో, కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప, ఆరోగ్యం చూసి కాదనొచ్చు. బావగారు ఇప్పుడు మారదామంటే రికార్డులో క్యాన్సర్ అని ఉంది. ఏజెంటు మాట పక్కన పెట్టి, మీ రాష్ట్రంలో షిప్ అనే ఉచిత సలహా కేంద్రానికి ఫోన్ చేయండి, వాళ్లకు ఏ కంపెనీ కమిషనూ ఉండదు.

ఇండియా వెళ్లొచ్చే మనలాంటివాళ్లకు ఇంకో మాట. అక్కడ జబ్బు చేస్తే మెడికేర్ మామూలుగా పైసా ఇవ్వదు, ప్రీమియం మాత్రం ఆగదు. ప్లాన్ జి లో విదేశాల్లో ఎమర్జెన్సీకి 250 డాలర్ల డిడక్టబుల్ పోను 80 శాతం ఇస్తారు. అది ప్రయాణం మొదలైన 60 రోజుల్లోపు వచ్చిన వాటికే, జీవితం మొత్తానికి 50,000 డాలర్ల దాకా. సంక్రాంతికి వెళ్లి ఉగాది చూసుకుని వద్దామనుకునేవాళ్లకు ఆ అరవై రోజులు చాలవు, విడిగా ట్రావెల్ ఇన్సూరెన్స్ కొనాల్సిందే.

ఏటా అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 దాకా అడ్వాంటేజ్, పార్ట్ డి ప్లాన్లు మార్చుకునే గడువు. మెడిగ్యాప్ కదిలించను. పార్ట్ డి మాత్రం ఏటా మళ్లీ చూస్తా, మెడికేర్ వెబ్‌సైట్లో నా మందులు, డోసులు, ఫార్మసీ పెట్టి. అదే ప్లాన్‌లో అదే మందు మరుసటి ఏడాది వేరే ధరల మెట్టులోకి వెళ్లిపోవడం నేను చూశాను. 2026లో పార్ట్ డి మందుల మీద మన జేబు ఖర్చు 2,100 డాలర్లు దాటదు, ఖరీదైన మందులు వాడేవాళ్లకు అది పెద్ద ఊరట. షింగిల్స్ టీకా కూడా పార్ట్ డి కిందే, పైసా పడదు, రెండో డోసు రాత్రి చలిజ్వరం వచ్చి మర్నాటికి తగ్గింది.

పళ్లు, కళ్లద్దాలు, వినికిడి యంత్రాలు ఒరిజినల్ మెడికేర్‌లో లేవు. దీనికి నేను సగం మార్కులు కోసేస్తా. పళ్ల పని ఇండియా వెళ్లినప్పుడు చేయించుకుంటున్నా.